పాత పాటలకు చిట్టా

గాదెలోని ధాన్యమునకు లెక్క చూచుకొనని రైతు ఉండడు. అరువిచ్చిన పది రూపాయలకు పద్దు వ్రాసికొనని వర్తకుడును ఉండడు. కాని తాతలు కొని, తండ్రులు దాచి, మనుమలకు మిగిల్చిన గ్రామఫోను రికార్డులకు చిట్టా వ్రాసియుంచిన ఇండ్లు తెలుగునాట బహు తక్కువ. అటకమీది పెట్టెలో ఏ అట్టలో ఏ గొంతు ఉన్నదో ఇంటివారికే తెలియదు. సేకరించినవాడు కన్నుమూసిన పిమ్మట ఆ రాశి పాతసామానుల వానికి తూకమున పోవుటకు ఈ తెలియనితనమే మొదటి కారణము.

పోవునది లక్కతో చేసిన నల్లని పళ్లెము మాత్రమే కాదు. 1902 నవంబరులో ఫ్రెడ్ గైస్బర్గ్ కలకత్తాలో గౌహర్ జాన్ గానమును పట్టినది మొదలు ఈ దేశపు కంఠములు శాశ్వతరూపము దాల్చినవి. ఆనాటి ముద్రణ జర్మనీలోని హనోవరులో జరిగెడిది. పాట చివర గాయని తన పేరు తానే చెప్పుకొనుట అక్కడి పనివారు గుర్తుపట్టుటకై ఏర్పడిన ఆచారము. 1908లో కలకత్తాలోనే కర్మాగారము వెలసినది. తరువాతి దశాబ్దములలో పద్యనాటకములు, హరికథలు, జావళులు, లలితగీతములు తెలుగు ఇండ్లకు రికార్డులుగా వచ్చినవి. రంగస్థలముపై 'వన్సు మోరు' కేకల నడుమ ఎంతసేపైన సాగు పద్యము, పది అంగుళముల రికార్డుపై మూడు నిమిషములకు కొంచెము మించిన కాలములో ఒదుగవలసి వచ్చినది. రాగము ఎంత తీయవలెను, ఎక్కడ ఆపవలెను అను వివేకమును నటులకు ఆ ఇరుకే నేర్పినది. కరుణశ్రీ 'పుష్పవిలాపము' ఘంటసాల కంఠమున, శంకరంబాడి సుందరాచారి 'మా తెలుగు తల్లికి' టంగుటూరి సూర్యకుమారి కంఠమున ఊరూర నిలిచినది ఈ రికార్డుల చలువవల్లనే.

ఇట్టి సంపదను కాపాడినవారు ముఖ్యముగా వ్యక్తులే. మద్రాసున వి.ఎ.కె. రంగారావు కూర్చిన రికార్డులు నలుబది వేలు దాటినవని ప్రసిద్ధి. 1990లో బొంబాయిలో ఏర్పడిన భారతీయ రికార్డు సేకర్తల సంఘము తన పత్రిక ద్వారా ఎన్నో జాబితాలను వెలికి తెచ్చినది. కాని పేరు లేని చిన్న సేకర్త విషయమేమి? రెండువందలో, రెండువేలో రికార్డులున్న అధ్యాపకుడు, హార్మోనిస్టు, నాటకసమాజపు పెద్ద, వీరి జ్ఞానము వీరి తలలోనే ఉన్నది. ఏ రికార్డు రెండవ ప్రక్క గీత పడినదో, ఏది ఎవరికి ఎరువిచ్చినదో వారికే ఎరుక. ఆ తలతోపాటు ఆ ఎరుకయు పోవుచున్నది.

ఈ లోపమును తీర్చుటకు నేడు గొప్ప యంత్రములు అక్కరలేదు. ప్రతి చేతిలోను ఉన్న సెల్ ఫోనే చాలును. కావలసినదెల్ల రికార్డుల చిట్టాను అందులో నిలిపి, అంతర్జాలము అందని చోటను తెరచి చూపగల చిన్న యాప్. హైదరాబాదు జుమ్మెరాత్ బజారులోనో, ఆబిడ్సు ఆదివారపు కాలిబాటపైనో పాత రికార్డు కనబడినప్పుడు కొనువాడు తేల్చుకొనవలసినది ఒక్కటే: ఇది ఇంట ఉన్నదా, లేదా? ఆ నిమిషమున సిగ్నలు కొరకు ఆకాశము వంక చూచువాని చేతిలోని రికార్డు మరొకని సంచిలో చేరును. పాతసామానుల గిడ్డంగిలో, మిద్దెక్రింది గదిలో, పల్లెలోని బంధువుల ఇంట అటకమీద, అనగా రికార్డులు నిజముగా ఉండు చోట్లలో, అంతర్జాలమును నమ్ముకొనుట తెలివి కాదు.

దీని భారమును లెక్కించినచో భయపడవలసినది లేదని తేలును. ఒక్కొక్క రికార్డు వివరములకు వేయి అక్షరముల చోటు కేటాయించినను, ఇంగ్లీషు అక్షరములలో ఐదువేల రికార్డులకు ఐదు మెగాబైట్లు, తెలుగు లిపిలో దానికి మూడింతలు. రెండు ప్రక్కల లేబిళ్ల ఫొటోలను అరువదేసి కిలోబైట్లకు కుదించినచో మొత్తము ఆరువందల మెగాబైట్లు. ఒక సినిమాకు పట్టు చోటుకంటె ఇది తక్కువ. రిచర్డ్ హిప్ 2000లో వెలువరించి, ఎవరైన ఉచితముగా వాడుకొనునట్లు లోకమునకు విడిచిన ఎస్క్యూలైట్ అను సాధనము ఈ చిట్టాను ఒక్క ఫైలులో ఇముడ్చును. సర్వరు లేదు, నెలసరి చందా లేదు.

పరుల సర్వరును నమ్ముటలోని అపాయమును లోకము ఇదివరకే చూచినది. మైస్పేస్ అను ప్రసిద్ధ సంస్థ, తన చోట పన్నెండేండ్లపాటు జనులు దాచుకొన్న సంగీతము సర్వర్ల మార్పిడిలో పోయినదని 2019లో ఒప్పుకొన్నది. అట్లని బయటి సహాయమును త్రోసిపుచ్చనక్కరలేదు. 2000లో పుట్టిన డిస్కాగ్స్ అను రికార్డుల మహాసూచి తన సమాచారమును నెలనెల ఎల్లరకు ఉచితముగా ఇచ్చుచున్నది. అందు దొరకినది దించుకొనవచ్చును. దొరకని తెలుగు రికార్డును ఇంటివారే వ్రాసికొనవలెను. అసలు పని అదియే.

ఆ పనిలో మెలకువ కావలెను. పాత లేబిళ్లపై సంవత్సరము సాధారణముగా కనబడదు. కనుక సంవత్సరపు గడి ఖాళీగా ఉండుటకును, 'సుమారు' అని వ్రాయుటకును వీలుండవలెను. తెలియని చోట ఊహను నిజమువలె నింపుట చరిత్రకు ద్రోహము. లేబిలుపై కంపెనీ వేసిన సంఖ్య వేరు, రికార్డు లోపలి అంచున చెక్కిన సంఖ్య వేరు. ఒకే గానము మరల అచ్చైనపుడు మొదటిది మారవచ్చును, రెండవదే దానిని పట్టి ఇచ్చును. రెండును వ్రాయవలెను. ఇక పేర్ల చిక్కు. తెలుగు పేర్లు లేబిళ్లపై తరచు ఇంగ్లీషు అక్షరములలో, తోచిన వర్ణక్రమమున అచ్చైనవి. ఘంటసాల పేరు 'గ'తో వెదకినను 'ఘ'తో వెదకినను, తెలుగున కొట్టినను ఇంగ్లీషున కొట్టినను దొరకవలెను. యూనికోడులో తెలుగు 1991 నాటికే చోటు చేసికొన్నది. లిపికి లోటు లేదు, యాప్ కట్టువారి శ్రద్ధకే లోటు. లేబిలుపై ఉన్నదానిని ఉన్నట్లు ఒక గడిలో, సరియైన తెలుగు రూపమును మరొక గడిలో ఉంచుటయే దీనికి విరుగుడు.

అన్నదమ్ములిద్దరు చెరియొక ఫోనులో చిట్టా వ్రాసినచో రెండును ఒకనాడు కలియవలెను. అప్పుడు ఒకరి వ్రాత మరొకరి వ్రాతను చడిచప్పుడు లేక తుడిచివేయరాదు. తేడా ఉన్నచో రెండును చూపి, ఇంటివారిచేతనే తేల్పించవలెను. చిట్టా మొత్తము ఎప్పుడు కావలసిన అప్పుడు సాదా పట్టికగా బయటికి రావలెను. యాప్ చచ్చినను చిట్టా బ్రతుకవలెను గదా!

పాటలను గూడ అందులో చేర్చరాదా యని అడుగువారుందురు. చేర్చవచ్చును, చట్టమును చూచుకొని. 1957 నాటి కాపీరైటు చట్టము ప్రకారము ధ్వనిముద్రణపై హక్కు ప్రచురణ పిమ్మట అరువది సంవత్సరములు. రచయిత హక్కు అతని మరణానంతరము అరువది సంవత్సరములు. పాత ముద్రణలోని గానము స్వేచ్ఛ పొందినను అందలి గీతము ఇంకను బందీయై ఉండవచ్చును. అందుచేత ముందు చిట్టా, పిదప పాట. చిట్టాకు ఎవరి అనుమతియు అక్కరలేదు.

మరి దీనిని కట్టునదెవరు? ఇబ్రహీంపట్నము ప్రాంతమున, మన్నెగూడ, ఆదిభట్ల చుట్టుప్రక్కల నిన్నటి పొలముల నడుమ నేడు సాఫ్టువేరు కార్యాలయములు, విమానభాగముల కర్మాగారములు, ఇంజనీరింగు కళాశాలలు వెలసినవి. ఆ కళాశాలల విద్యార్థులు చివరి ఏట ఏదో ఒక ప్రాజెక్టు చేయక తప్పదు. ఎన్నియో ప్రాజెక్టులు మార్కులు పడినంతనే బీరువా చేరును. అందొక్కటి ఈ చిట్టా యాప్ అయినచో, అది పట్టాతో తీరిపోక తెలుగు ఇండ్ల అవసరమునకు పనికివచ్చును. నలుగురు విద్యార్థులు, ఒక సెలవుల కాలము, పరీక్షకు ఒక ముసలి సేకర్త ఇంటి అటక. ఇంతకుమించి పెట్టుబడి లేదు. కట్టినదానిని ఉచితముగా ఇచ్చి, వాడుకను గ్రంథాలయములలో నేర్పినచో జిల్లాకొక జాబితా తనంత తానే పెరుగును.

లక్క రికార్డు చేజారిన ముక్కలగును. దానిని వాయించు యంత్రములు కరవగుచున్నవి, దాని కథ చెప్పగల పెద్దలు అంతకంటె వేగముగా తరలిపోవుచున్నారు. పెద్దవారి చెంత కూర్చుండి, ఒక్కొక్క రికార్డు తీసి, అడిగి వ్రాసికొను పనికి ఈ సెలవులకంటె వచ్చు సెలవులు మేలని వాయిదా వేయుట క్షేమము కాదు.