ఫొటోగ్రఫీకి దూరవిద్య తలుపు తెరవాలి

దూరవిద్యలో బోధించకూడని చదువులంటూ యూజీసీ ఒక జాబితా పెట్టింది. వైద్యం, నర్సింగ్, ఇంజనీరింగ్, ఆర్కిటెక్చర్, విమానాల నిర్వహణ వంటివాటి సరసన విజువల్ ఆర్ట్స్ కూడా అందులో ఉంది. రోగి మంచం పక్కన నిలబడకుండా నర్సు తయారు కాదు, అందులో ఎవరికీ పేచీ లేదు. కానీ మన విశ్వవిద్యాలయాల్లో ఫొటోగ్రఫీ డిగ్రీ ఫైన్ ఆర్ట్స్‌లో భాగంగానే నడుస్తుంది కాబట్టి, ఆ ఒక్క మాటతో దానికీ దారి మూసుకుపోయింది. ఫొటోగ్రఫీలో డిగ్రీ కావాలంటే హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో నాలుగేళ్ల బీఎఫ్‌ఏలో చేరాలి, లేదా గాంధీనగర్‌లో ఎన్‌ఐడీ నడిపే పీజీ లాంటి చోట్లకు వెళ్లాలి. సీట్లు కొద్ది, నగరంలో ఉండి చదవడానికి అయ్యే ఖర్చు ఎక్కువ. ఆముదాలవలసలోనో ఆసిఫాబాద్‌లోనో ఉన్నవాళ్లకు మిగిలేవి ప్రైవేటు సర్టిఫికెట్ కోర్సులు, యూట్యూబ్ వీడియోలు. ఈ నిషేధం ఫొటోగ్రఫీకి వర్తించకూడదు. దూరం నుంచి నేర్పడానికి ఇంత అనువైన కళ ఇంకొకటి లేదు. అయితే ఒక షరతు ఉంది. విద్యార్థి తీసిన ఫొటోలను విషయం తెలిసిన మనిషి చూసి, దేనికి ఏం చేయాలో రాసి పంపాలి. ఆ జవాబు లేని కోర్సుకు ఎంత పెద్ద పేరున్నా అది చదువు అనిపించుకోదు.

అనువైనదని ఎందుకంటున్నానో చెప్పాలి. కూచిపూడి గురువుకు శిష్యురాలి అడుగు, నడుము, చూపు ఒకేసారి కళ్లెదుట కనిపించాలి. వీణ నేర్పేవారికి మెట్ల మీద వేలి ఒత్తిడి తెలియాలి. ఫొటోగ్రఫీలో విద్యార్థి చేసిన పని మొత్తం ఒక ఫైల్‌లో గురువు దగ్గరికి చేరుతుంది. పైగా షట్టర్ వేగం, అపెర్చర్, ఐఎస్‌ఓ, లెన్స్, తీసిన సమయం అన్నీ కెమెరా ఆ ఫైల్‌లోనే రాసి పెడుతుంది. పెళ్లిలో తలంబ్రాల ఫొటో ఒకటి తీసుకుందాం. బియ్యపు గింజలు గీతల్లా సాగిపోయాయి, పెళ్లికొడుకు ముఖం నల్లబడింది. ఫైల్ తెరిస్తే షట్టర్ 1/60, ఐఎస్‌ఓ 1600, ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ సున్నా అని ఉంటుంది. తెల్ల పంచె, తెల్ల బియ్యం, జరీ మెరుపు చూసి కెమెరా మీటర్ వెలుతురు ఎక్కువుందని మోసపోయిందని, షట్టర్ 1/250కి పెంచి ఐఎస్‌ఓ 6400కి తీసుకెళ్లి ఉంటే గింజలు చాలావరకు గాలిలో నిలిచేవని, ముఖాల కోసం కాంపెన్సేషన్ ఒక స్టాప్ పెంచుకోవాల్సిందని గురువు వందల కిలోమీటర్ల దూరం నుంచి చెప్పగలరు. అంతకంటే విలువైనది ఇంకొకటి ఉంది. బాగా వచ్చిన ఒక్క ఫొటో కాకుండా ఆ ఘట్టంలో తీసిన అన్ని ఫ్రేములూ పంపమంటే, విద్యార్థి నలభై ఫ్రేములూ నిలబడ్డ చోటే నిలబడి తీశాడని, వధువు తల్లి కళ్లు తుడుచుకుంటున్నప్పుడు కెమెరా అటు తిరగనే లేదని బయటపడుతుంది. క్లాసులో పాఠం చెప్పే మాస్టారు కూడా ఆ పెళ్లికి వెళ్లి పక్కన నిలబడరు. ఆయన కూడా తర్వాత ఫ్రేములు చూసే చెప్పాలి.

ఈ కళ పుట్టిందగ్గర్నుంచి దూరం నుంచే వ్యాపించింది. 1839లో ఫ్రెంచి ఆవిష్కర్త డాగేర్ ఫొటోలు తీసే తన పద్ధతిని బయటపెట్టినప్పుడు ఆయన రాసిన చిన్న కరదీపిక కొన్ని నెలల్లోనే అనేక భాషల్లో అచ్చయింది. 1840 నాటికి కలకత్తాలో ఆ పద్ధతిలో ఫొటోలు తీస్తున్నారు. నేర్పడానికి పారిస్ నుంచి ఎవరూ ఓడెక్కి రాలేదు, పుస్తకం వచ్చింది. హైదరాబాద్ పేరు చెప్పగానే గుర్తొచ్చే ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ రూర్కీలో చదివింది ఇంజనీరింగ్. ఇండోర్‌లో పబ్లిక్ వర్క్స్ ఉద్యోగం చేసుకుంటూ 1870లలో కెమెరా పట్టారు, తర్వాత ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ అయ్యారు. పరదా దాటి రాలేని స్త్రీల కోసం 1892లో హైదరాబాద్‌లో ఆయన ఒక జెనానా స్టూడియో తెరిపించి, దాన్ని ఒక ఆంగ్ల వనితకు అప్పగించారు. గడప దాటలేనివాళ్ల దగ్గరికి కళే నడిచి వెళ్లాలన్న ఆలోచన ఈ నగరంలో అంత పాతది.

ఇప్పుడు ఈ చదువు ఎవరికి కావాలో చూద్దాం. మన ఊళ్లలో ఫొటోగ్రాఫర్ అయ్యే దారి దాదాపు ఒక్కటే. పదో తరగతి తర్వాతో ఇంటర్ మధ్యలోనో స్టూడియోలో చేరి, కొన్నాళ్లు లైటు పట్టుకుని, ఆల్బమ్ డిజైనింగ్ నేర్చుకుని, ఓనర్ నమ్మితే రెండో కెమెరా చేతికి తీసుకోవడం. ఆ దారిని చిన్నచూపు చూడకూడదు. జనం తోసుకుంటుంటే మండపం మీద చోటు ఎలా దక్కించుకోవాలో, ముహూర్తం మించిపోకుండా పురోహితుడితో ఎలా సర్దుకుపోవాలో ఏ సిలబసూ నేర్పదు. కానీ ఆ దారిలో ఓనర్‌కు తెలిసినంతే శిష్యుడికి వస్తుంది. ఓనర్ ఫ్లాష్ సూటిగా ముఖం మీద కొట్టడం అలవాటు చేసుకుని ఉంటే, అతని దగ్గర తయారైన పదిమందీ అలాగే కొడతారు. ఇతర దేశాల్లో, ఇతర కాలాల్లో ఎవరు ఏం తీశారో, ఎందుకు తీశారో తెలియకుండానే చేతిపని ముదిరిపోతుంది. ఈ కుర్రాళ్లు పని మానుకుని నాలుగేళ్ల డిగ్రీకి రాలేరు. వాళ్ల ఏడాదిలో ఖాళీ ఎప్పుడో అందరికీ తెలుసు. ఆషాఢం, మూఢం వచ్చాయంటే ముహూర్తాలుండవు, స్టూడియోలో ఆర్డర్లుండవు. ఆ నెలల్ని చదువుకు వాడుకోనిచ్చేది దూరవిద్యే. పెళ్లయి పిల్లలతో ఇంట్లో ఉన్న స్త్రీలు, గల్ఫ్‌లో షిఫ్టుల్లో పనిచేస్తున్నవాళ్లు, రిటైరయ్యాక కెమెరా కొనుక్కున్నవాళ్లు కూడా ఈ వరుసలోనే ఉన్నారు.

బయటి అనుభవం ఈ వాదనను బలపరుస్తుంది. బ్రిటన్‌లో మైకేల్ యంగ్ 1987లో ఓపెన్ కాలేజ్ ఆఫ్ ది ఆర్ట్స్ స్థాపించినప్పుడు, చిత్రకళ పోస్టులో నేర్పుతారా అని చాలామంది పెదవి విరిచారు. ఆ కాలేజీ ఫొటోగ్రఫీలో డిగ్రీ దాకా ఎదిగింది, ఇప్పుడు అక్కడి ఓపెన్ యూనివర్సిటీలో భాగమైంది. అక్కడ విద్యార్థి ఒక్కో అసైన్‌మెంట్‌కు ఫొటోలు తీసి, ఏం ప్రయత్నించాడో ఎక్కడ తడబడ్డాడో తన లాగ్‌లో రాసుకుని ట్యూటర్‌కు పంపుతాడు. ట్యూటర్ చదివి, చూసి, రాతలో జవాబిస్తారు. దాన్ని బట్టి మళ్లీ దిద్దుకోవాలి. బ్రిటన్‌లోనే ఉన్న రాయల్ ఫొటోగ్రాఫిక్ సొసైటీ లైసెన్షియేట్ హోదా ఇచ్చేటప్పుడు ఎక్కడ చదివారని అడగదు, ఒకదానికొకటి పొంతన కుదిరిన పది ఫొటోలు ముందు పెట్టమంటుంది. మన తెలుగు ఫొటోగ్రాఫర్లు కూడా అలాంటి హోదాలు సంపాదించుకున్నారు. చేసిన పని చూసి మనిషిని అంచనా వేయడం ఈ రంగంలో ఎన్నడో స్థిరపడిన పద్ధతి.

దీనికి వచ్చే అభ్యంతరాల్లో అన్నిటికంటే బరువైనది మోసం గురించి. పోస్టల్ కోర్సుల చరిత్రలో మచ్చలున్నాయి, వాటిని దాచి లాభం లేదు. అమెరికాలోని కనెటికట్‌లో 1948లో మొదలైన ఫేమస్ ఆర్టిస్ట్స్ స్కూల్ తర్వాత రచయితలకూ ఫొటోగ్రాఫర్లకూ శాఖలు తెరిచింది. ఫొటోగ్రాఫర్ల శాఖ ప్రకటనల్లో రిచర్డ్ అవెడాన్, ఇర్వింగ్ పెన్ లాంటి మహామహుల పేర్లుండేవి. 1970లో జెసికా మిట్‌ఫర్డ్ అట్లాంటిక్ పత్రికలో ఆ సంస్థ రచయితల శాఖ గుట్టు విప్పారు. పేరున్నవాళ్లెవరూ విద్యార్థుల రాతలు చూడరు, ఫీజు కట్టి మధ్యలో మానేసేవాళ్ల మీదే సంస్థ బతుకుతోంది అని తేల్చారు. తర్వాత కొద్దికాలానికే ఆ సంస్థ దివాలా తీసింది. ఈ కథ చదివి దూరవిద్యే వద్దనుకోవడం తొందరపాటు. అక్కడ తప్పింది దూరం వల్ల కాదు, దిద్దేవాళ్లు లేకపోవడం వల్ల. మన దగ్గర నేటి ప్రకటనల్లో కూడా ప్రసిద్ధుల ముఖాలు, జీవితకాలపు యాక్సెస్, వంద గంటల వీడియో అన్న మాటలే కనిపిస్తాయి. నా ఫొటోలు ఎవరు చూస్తారు, ఎన్నిసార్లు చూస్తారు, ఎన్ని రోజుల్లో జవాబిస్తారు అని డబ్బు కట్టేముందు ప్రతి విద్యార్థీ అడగాలి. ఈ మూడింటికీ లిఖితపూర్వక హామీ ఇవ్వని కోర్సుకు గుర్తింపు దక్కకుండా నిబంధన పెట్టడం యూజీసీ చేయాల్సిన పని. ప్రభుత్వ విశ్వవిద్యాలయాలను ఆపేసి ఊరుకుంటే ఆ ఖాళీ అంతా అడిగేవాడు లేని ప్రైవేటు వ్యాపారానికి వెళుతుంది, వెళ్లింది కూడా.

ప్రాక్టికల్స్ ఎలా అన్నది రెండో ప్రశ్న. స్టూడియో లైటింగ్ వీడియో చూసి పట్టుబడదు, నిజమే. సాఫ్ట్‌బాక్స్‌ను అడుగు వెనక్కి జరిపితే ముక్కు కింద నీడ ఎలా మారుతుందో చేతులతో జరిపి చూడాలి. అయితే దీనికి పరిష్కారం మన ఇంట్లోనే ఉంది. దేశంలో తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాద్‌లోనే పుట్టింది. 1991 నుంచి అంబేడ్కర్ పేరుతో నడుస్తున్న ఆ విశ్వవిద్యాలయం సైన్స్ డిగ్రీలు కూడా ఇస్తోంది. ఆ విద్యార్థులకు అధ్యయన కేంద్రాలున్న కాలేజీల ల్యాబుల్లోనే ప్రాక్టికల్స్ జరుగుతాయి. రసాయన శాస్త్రానికి సాధ్యమైంది రెండు స్ట్రోబ్ లైట్లు, ఒక తెల్లగుడ్డ, ఒక చీకటి గది కావాల్సిన చదువుకు ఎందుకు కాదు? పది రోజుల శిబిరం ఏడాదికి రెండుసార్లు పెడితే సరిపోతుంది. తోటివాళ్ల పని చూసి నేర్చుకునే అవకాశం పోతుందన్న బెంగ కూడా ఆ శిబిరాలతో చాలావరకు తీరుతుంది, పూర్తిగా తీరదు. రోజూ ఒకే క్యాంటీన్‌లో కూర్చుని ఫొటోల మీద వాదించుకునే నాలుగేళ్లకు సాటి వచ్చేది లేదు. రెగ్యులర్ డిగ్రీ ఉండాల్సిందే, దానికి రాలేనివాళ్ల సంగతే ఇక్కడ మాట్లాడుతున్నది.

యూట్యూబ్‌లో అంతా ఉచితంగా దొరుకుతుంటే కోర్సు ఎందుకన్నది తరచూ వినిపించే మాట. సమాచారం దొరుకుతుంది, అందులో తెలుగులో చెప్పేవాళ్లు కూడా బాగా పెరిగారు, సంతోషం. న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ 2016 నుంచి ఫొటోలను చదవడం మీద ఆన్‌లైన్ కోర్సు నడుపుతోంది, అదీ మంచి పాఠమే. కానీ ఏ వీడియో కూడా మన ఫొటో చూడదు. మన తప్పు మనకు కనిపించకపోవడమే నేర్చుకునేవాడి అసలు ఇబ్బంది. కృత్రిమ మేధతో బొమ్మ చేసి అసైన్‌మెంట్‌గా పంపేస్తారన్న భయానికి కూడా ఇందాక చెప్పిన పద్ధతిలోనే జవాబుంది. రా ఫైళ్లు, ముందువెనకల ఫ్రేములతో సహా అడిగి, శిబిరంలో ఎదురుగా కూర్చోబెట్టి నాలుగు ప్రశ్నలు వేస్తే ఎవరి పని ఎవరిదో తేలిపోతుంది. తరగతి గదిలో చదివినవాళ్ల విషయంలో కూడా ఇప్పుడు ఈ జాగ్రత్త తప్పదు.

ఇక ఖర్చు. ఇలాంటి కోర్సులో డబ్బంతా ట్యూటర్ల దగ్గర ఖర్చవుతుంది, భవనాల దగ్గర కాదు. ఒక ట్యూటర్ పాతికమంది ఫొటోల కంటే ఎక్కువ శ్రద్ధగా చూడలేరు కాబట్టి విద్యార్థులు పెరిగేకొద్దీ ట్యూటర్లు పెరగాలి. విశ్వవిద్యాలయాలు సాధారణంగా వెనకాడేది ఇక్కడే. కానీ మనుషులకు కొరత లేదు. జిల్లా కేంద్రాల్లో దశాబ్దాలపాటు పత్రికలకు పనిచేసి విరమించిన ఫొటోగ్రాఫర్లు ఉన్నారు. తుపాన్లు, ఎన్నికలు, జాతరలు, రైతుల ఆందోళనలు తీసి తీసి వాళ్ల కన్ను పదునెక్కింది, ఆ అనుభవం ఎక్కడా నమోదు కాకుండా పోతోంది. ఫైన్ ఆర్ట్స్ పట్టా పొంది సరైన ఉపాధి దొరకని యువతరం కూడా ఉంది. వీళ్లకు జవాబు రాయడంలో శిక్షణ ఇచ్చి, దిద్దిన అసైన్‌మెంట్‌కు ఇంత అని చెల్లించే ఏర్పాటు చేయాలి. జవాబులు తెలుగులో ఉండాలి, పాఠ్యపుస్తకంలో తలంబ్రాలూ, బోనాలూ, మిర్చి యార్డు ఎర్రటి ఎండా ఉదాహరణలుగా కనిపించాలి. యూజీసీ నిషేధం డిగ్రీకి అడ్డుపడుతున్నంత కాలం కూడా ఆగాల్సిన పని లేదు. రెండు రాష్ట్రాల ప్రభుత్వాలు తమ సాంకేతిక విద్య, నైపుణ్య శిక్షణ విభాగాల ద్వారా ఏడాది సర్టిఫికెట్‌తో దీన్ని మొదలుపెట్టవచ్చు, ఆ కోర్సు విద్యార్థుల ఫొటోలనే పట్టుకుని ఢిల్లీలో డిగ్రీ కోసం వాదించవచ్చు.