ఆశయం మంచిదే... లెక్కే తప్పింది!

2022 మార్చిలో శ్రీలంక పశ్చిమ ప్రావిన్స్‌లో స్కూలు పరీక్షలు వాయిదా పడ్డాయి. పేపర్ లీకై కాదు, ప్రశ్నపత్రాలు అచ్చేయడానికి కాగితం లేక! కాగితం దిగుమతి చేసుకుందామంటే డాలర్లు లేవు.

గ్రూప్ డిస్కషన్లలో ఇప్పుడు ‘సస్టెయినబిలిటీ’ తరచూ వచ్చే టాపిక్. చాలామంది మొక్కలు, సోలార్ ప్యానెళ్ల దగ్గరే ఆగిపోతారు. పర్యావరణం, ఆర్థికం, సమాజం... మూడూ కలిసి నిలబడితేనే సుస్థిరత. ఒక్కదాన్నే పట్టుకుంటే ఏమవుతుందో శ్రీలంకను చూస్తే తెలుస్తుంది.

బస్తా వర్సెస్ టన్నులు

2021 ఏప్రిల్‌లో గొటబాయ రాజపక్స ప్రభుత్వం రసాయన ఎరువుల దిగుమతిని నిషేధించింది. దేశమంతా సేంద్రియ సాగుకు మారాలన్నది లక్ష్యం. ఎరువుల మీద పోయే డాలర్లు మిగులుతాయన్న ఆలోచనా ఉంది.

ఇక్కడ ఒక చిన్న లెక్క వేద్దాం. యూరియాలో 46 శాతం నత్రజని. అంటే 45 కిలోల బస్తాలో దాదాపు 20 కిలోలు. పశువుల ఎరువులో ఉండేది సుమారు అర శాతమే. ఒక్క బస్తా నత్రజని కావాలంటే దాదాపు 4 టన్నుల ఎరువు తోలాలి. ఒక దేశానికి సరిపడా ఎరువు ఒక్క సీజన్‌లో ఎక్కడి నుంచి వస్తుంది? వరి దిగుబడి పడిపోయింది. బియ్యం బయటి నుంచి కొనాల్సి వచ్చింది. డాలర్లు తెచ్చిపెట్టే తేయాకూ దెబ్బతింది. అదే ఏడాది నవంబరులో నిషేధం ఎత్తేశారు.

ఇదొక్కటే కారణమా?

‘సేంద్రియం వల్లే శ్రీలంక దివాలా తీసింది’ అని మాత్రం అనకండి. 2019 ఈస్టర్ పేలుళ్లు, ఆ తర్వాత కొవిడ్ పర్యాటకాన్ని కుదిపేశాయి. 2019 చివర్లో వ్యాట్‌ను 15 నుంచి 8 శాతానికి తగ్గించడంతో ఖజానాకు గండి పడింది. విదేశీ అప్పుల భారం సరేసరి. అప్పటికే బలహీనంగా ఉన్న ఇంటికి ఎరువుల నిషేధం ఇంకో దెబ్బ.

2022 ఏప్రిల్‌లో విదేశీ అప్పుల చెల్లింపు ఆగిపోయింది. పెట్రోలు క్యూలు, గంటల తరబడి కరెంటు కోతలు. జులై 9న జనం అధ్యక్ష భవనంలోకి చొచ్చుకెళ్లారు. కొద్దిరోజులకే గొటబాయ దేశం విడిచి, పదవికి రాజీనామా చేశారు. 2023లో ఐఎంఎఫ్ సుమారు 300 కోట్ల డాలర్ల సాయం ఒప్పుకుంది. 2024 జనవరికల్లా వ్యాట్ 18 శాతానికి చేరింది. తప్పు చేసిందెవరైనా, బిల్లు కట్టింది సామాన్యులే.

మీకేం పనికొస్తుంది?

ఆంధ్రప్రదేశ్‌లోనూ 2016 నుంచి ప్రకృతి సాగు కార్యక్రమం నడుస్తోంది. ఇష్టపడ్డ రైతులతో, ఊరూరా మెల్లగా విస్తరిస్తోంది. తేడా ఆశయంలో లేదు, వేగంలో ఉంది.

మన దేశంలో సెబీ నిబంధనల ప్రకారం టాప్ 1000 లిస్టెడ్ కంపెనీలు ఏటా సుస్థిరత నివేదిక ఇవ్వాలి. కాబట్టి ఈ సబ్జెక్టు రేపు మీ ఉద్యోగంలో భాగం కావచ్చు. ఏ ‘గ్రీన్’ ప్రాజెక్టు మీ ముందుకొచ్చినా మూడు ప్రశ్నలు వేయండి. డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? మారడానికి ఎంత సమయం ఇస్తున్నారు? మధ్యలో నష్టపోయేవాళ్లను ఎవరు ఆదుకుంటారు? ఎరువుల నిషేధానికి ముందు కొలంబోలో ఈ మూడింటికీ జవాబు దొరికి ఉంటే, ఆ రైతులకు ఒక పంటయినా మిగిలేది.