ముల్క్ వేరు, హుకూమత్ వేరు, హైకమాండ్ వేరు

కాంగ్రెస్ ఇంటి తగాదా మనకెందుకు భాయ్ అని చాలామంది అడుగుతున్నారు. థరూర్ ఉంటే ఏం, పోతే ఏం? రాహుల్ మాట నెగ్గితే ఏం, నెగ్గకపోతే ఏం? మన రోటీ మనమే కాల్చుకోవాలి కదా అంటున్నారు. సవాల్ సబబే. కానీ ఆ తగాదాలో రోజూ నలిగే లఫ్జ్ ఒకటుంది. వఫాదారీ. ఆ లఫ్జ్ ఎక్కడ వినిపించినా మన ఇళ్ళలో చెవులు రిక్కిస్తాం. ఎందుకంటే దాని బిల్లు చివరికి ఎవరి గుమ్మానికి వస్తుందో మనకి తెలుసు.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. 2025లో కాంగ్రెస్‌లో లేచిన గొడవ దేశభద్రత గురించి కాదు. అది కుర్సీ మీద పాత గొడవ. దానికి దేశభద్రత అనే కొత్త షేర్వానీ తొడిగారు. అసలైన భద్రతా మస్లా, అంటే మన పిల్లల్ని ఏళ్ళ తరబడి జైల్లో ఉంచగల కానూన్ ఓటుకి వచ్చిన రోజు, ఆ పార్టీలో ఎవరూ ఎవరి కాలరూ పట్టుకోలేదు.

ఉర్దూ మీడియం బడిలో మాకు ముల్క్, హుకూమత్, జమాత్ అని మూడు వేరువేరు లఫ్జులు నేర్పారు. ముల్క్ అంటే నేల, దానిమీది జనం. హుకూమత్ అంటే ఐదేళ్ళకోసారి మారే ప్రభుత్వం. జమాత్ అంటే పార్టీ. తర్వాత తెలుగులో డిగ్రీ చేసి పత్రికలో చేరాక చూస్తే హెడ్డింగుల్లో మూడింటికీ 'దేశం' ఒక్కటే సరిపోతోంది. మన దగ్గరైతే 'దేశం' అంటే ఒక పార్టీ కూడా! నవ్వులాటగా అంటున్నా గానీ, ఈ కలగాపులగం వల్లే సగం జుల్మ్ జరుగుతోంది.

ఇక జరిగిందేమిటో చూద్దాం. 2025 ఏప్రిల్ 22న పహల్గామ్‌లో 26 మంది బేకసూర్ మనుషుల్ని చంపారు. వాళ్ళని కాపాడబోయి ప్రాణమిచ్చిన స్థానిక ముస్లిం కూడా ఆ 26 మందిలో ఉన్నాడు. మే 7న ఆపరేషన్ సిందూర్ మొదలైంది, మే 10న కాల్పులు ఆగాయి. తర్వాత మన వాదన చెప్పడానికి ఏడు అఖిలపక్ష బృందాల్ని విదేశాలకి పంపాలని ప్రభుత్వం అనుకుంది. కాంగ్రెస్ నాలుగు పేర్లిచ్చింది: ఆనంద్ శర్మ, గౌరవ్ గొగోయ్, సయ్యద్ నసీర్ హుస్సేన్, రాజా బ్రార్. ప్రభుత్వం వాళ్ళలో ఆనంద్ శర్మని మాత్రమే తీసుకుంది. పార్టీ ఇవ్వని శశి థరూర్ పేరుని ఒక బృందానికి నాయకుడిగా ప్రకటించింది. మనీష్ తివారీ, సల్మాన్ ఖుర్షీద్, అమర్ సింగ్ కూడా అలాగే వెళ్ళారు.

అక్కడ అంటుకుంది. పనామాలో థరూర్ 2016 సర్జికల్ స్ట్రైక్స్‌ని పొగిడితే, మా హయాంలో దాడులు జరగలేదా అని సొంత పార్టీవాళ్ళే లేచారు. ఉదిత్ రాజ్ ఆయన్ని బీజేపీ సూపర్ ప్రతినిధి అన్నారు. దేశభక్తి చూపడం అంత కష్టమా అని ఖుర్షీద్ వాపోయారు. మాకు దేశమే ముందు, కొందరికి మోదీ ముందు అని ఖర్గే సాహెబ్ చురక వేశారు. జూలై 28, 29 తేదీల్లో లోక్‌సభలో సిందూర్ మీద చర్చ జరిగితే థరూర్ మాట్లాడలేదు. అడిగితే మౌనవ్రతం అన్నారు.

ఈ కథ ఆ ఏప్రిల్‌లో మొదలైందనుకుంటే పొరపాటు. 2020 ఆగస్టులో 23 మంది నాయకులు సోనియా గాంధీకి ఖత్ రాశారు, పార్టీకి పూర్తికాల నాయకత్వం కావాలని. అందులో థరూర్ ఉన్నారు, తివారీ ఉన్నారు, ఆనంద్ శర్మ ఉన్నారు, గులాం నబీ ఆజాద్ ఉన్నారు. 2022 ఆగస్టులో ఆజాద్ బయటికి నడిచారు. అక్టోబరులో అధ్యక్ష ఎన్నిక జరిగింది. ఖర్గేకి 7,897 ఓట్లు, థరూర్‌కి 1,072. ఆ ఖత్ కింద సంతకాలకీ, ప్రభుత్వం ఏరుకున్న పేర్లకీ ఎంత చుట్టరికం ఉందో చూడండి. బీజేపీకి కాంగ్రెస్ ఇంట్లో ఏ గోడ బీటలు వారిందో తెలుసు, సరిగ్గా అక్కడే మేకు కొట్టింది. తగాదా పాతది, జెండా కొత్తది.

ఇప్పుడు రెండు పక్షాలకీ ఇన్సాఫ్ చేద్దాం.

థరూర్ పక్షం అంటుంది: దేశం ముందు, పార్టీ తర్వాత. బయటికి వెళ్ళి ముల్క్ తరఫున మాట్లాడటంలో తప్పేముంది? నిజంగానే తప్పు లేదు. అసదుద్దీన్ ఒవైసీ సాహెబ్ కూడా సౌదీ, కువైట్, బహ్రెయిన్, అల్జీరియా వెళ్ళిన బృందంలో ఉన్నారు. హుకూమత్‌తో ఆయనకున్న ఇఖ్తిలాఫ్ అందువల్ల తగ్గిపోలేదు. ముల్క్ కోసం మాట్లాడటం వేరు, హుకూమత్‌ని అడగాల్సిన సవాల్ మింగేయడం వేరు. ఎన్ని విమానాలు పోయాయని రాహుల్ మే నెలలో అడిగితే శత్రువు గొంతు అని విరుచుకుపడ్డారు. మే 31న త్రిదళాధిపతి జనరల్ అనిల్ చౌహాన్ సింగపూర్‌లో ఒక విదేశీ టీవీ చానల్‌తో మాట్లాడుతూ మనవీ పోయాయని ఒప్పుకున్నారు, లెక్క మాత్రం చెప్పలేదు. అంటే సవాల్ గద్దారీ కాదు. ఆ జవాబు మన పార్లమెంటుకి ముందుగా రాకపోవడమే అసలు తౌహీన్. ఆ మాట గట్టిగా అనగలిగిన ఇంగ్లీషు, అనుభవం, ఐక్యరాజ్యసమితి కొలువు అన్నీ ఉన్న థరూర్ మౌనవ్రతం పట్టారు. మౌనం కూడా ఒక బయానే.

రాహుల్ పక్షం అంటుంది: మేం సవాల్ అడుగుతున్నాం, వీళ్ళు వెన్నుపోటు పొడుస్తున్నారు. అడగడం సబబు. అడిగిన తీరు చూడండి. ఏప్రిల్ నెలాఖరులో తల లేని బొమ్మ పెట్టి 'గాయబ్' అని పోస్టు చేశారు, గొడవయ్యేసరికి తీసేశారు. చరణ్‌జిత్ చన్నీ సర్జికల్ స్ట్రైక్ నాకు కనబడలేదన్నారు, వెంటనే సర్దుకున్నారు. జూన్‌లో భోపాల్‌లో 'నరేందర్, సరెండర్' అని ప్రాస కట్టారు. సవాల్‌కి ప్రాస కడితే అది నినాదమవుతుంది, జవాబు చెప్పాల్సినవాడు నవ్వి తప్పించుకుంటాడు. ఇక థరూర్‌ది తప్పని తేల్చాలంటే వర్కింగ్ కమిటీలో కూర్చోబెట్టి, మన భద్రతా విధానం ఇది, నీ మాట దీనికి ఇక్కడ విరుద్ధం అని చూపించాలి. అలా చూపించడానికి ముందు విధానం ఉండాలి కదా! అది లేక, నువ్వు మోదీ మనిషివి అన్నారు. బీజేపీ వీళ్ళని పాకిస్తాన్ మనుషులంటుంది, వీళ్ళు థరూర్‌ని మోదీ మనిషంటారు. సిక్కా ఒకటే, రెండు వైపులు.

ఇదే పార్టీకి వేరే తరీఖా కూడా తెలుసు. 1962 అక్టోబరు 20న చైనా దాడి మొదలైంది. యుద్ధం నడుస్తుండగానే, యువ ఎంపీ వాజపేయి లాంటి ప్రతిపక్షులు కోరితే, నెహ్రూ పార్లమెంటుని ముందుకి జరిపి నవంబరు 8న సమావేశపరిచారు. లోక్‌సభలో 165 మంది మాట్లాడారు. రక్షణ మంత్రి కృష్ణ మీనన్‌ని తప్పించమని గట్టిగా పట్టుబట్టింది ప్రతిపక్షం ఒక్కటే కాదు, కాంగ్రెస్ ఎంపీలే. నెహ్రూకి మీనన్ ఎంత ఇష్టుడో అందరికీ తెలుసు. అయినా నవంబరు 7న మీనన్ దిగిపోవాల్సి వచ్చింది. ఆ ఎంపీల్ని ఎవరూ చైనా మనుషులనలేదు. వాళ్ళు మాట్లాడింది సైనికుడి చలికోటు గురించి, తుపాకీ గురించి, తప్పుడు నిర్ణయాల గురించి. నాయకుడి ముఖం మీద చెప్పగలిగారు. 2025లో పోట్లాట దేనిమీద? విమానం ఎక్కేవాళ్ళ జాబితా మీద. సిందూర్ తర్వాత ప్రత్యేక సమావేశం పెట్టమని ప్రతిపక్షం అడిగితే హుకూమత్ పెట్టలేదు, జూలై దాకా ఆగాల్సి వచ్చింది. కాంగ్రెస్ మొత్తం ఒక్క గొంతుగా ఆ ఒక్క మాట మీద నిలబడి ఉంటే సరిపోయేది.

1962ని మరీ పొగడను. ఆ రోజుల్లోనే ముఖం చూసి, ఇంటిపేరు చూసి, దాదాపు 3,000 మంది చైనా మూలాల భారతీయుల్ని రాజస్థాన్‌లోని దేవ్‌లీ శిబిరంలో పెట్టారు. యుద్ధం నెలరోజుల్లో ముగిసింది, కొందరు ఏళ్ళ తరబడి అక్కడే ఉండిపోయారు. పార్లమెంటులో ఎంత స్వేచ్ఛగా మాట్లాడుకున్నా, వఫాదారీ పరీక్ష మాత్రం పెహచాన్‌ని బట్టే పెట్టారు.

ఇక నా అసలు ఫిర్యాదుకి వస్తాను. ఊపా చట్టం 1967లో కాంగ్రెస్ తెచ్చింది. టాడా 1985లో కాంగ్రెస్ తెచ్చింది. 26/11 తర్వాత, 2008 డిసెంబరులో, చార్జిషీటు లేకుండా 180 రోజులు ఉంచడానికీ, బెయిల్ దాదాపు దొరక్కుండా చేయడానికీ ఊపాని బిగించింది కాంగ్రెస్ ప్రభుత్వమే. 2019 జూలైలో బీజేపీ ఇంకో మెలిక పెట్టింది: సంస్థనే కాదు, ఒక్క మనిషిని కూడా టెర్రరిస్టుగా ప్రకటించవచ్చు. లోక్‌సభలో 287–8. ఆ ఓటింగుకి కాంగ్రెస్ సభలో లేదు, వాకౌట్ చేసింది. ఆగస్టు 2న రాజ్యసభలో 147–42. అక్కడ చిదంబరం అభ్యంతరాలు చెప్పారు, పార్టీ మాత్రం అనుకూలంగా ఓటేసింది. ఈ ఓటు మీద ఏ 23 మందీ ఖత్ రాయలేదు. మూడు రోజుల తర్వాత రాజ్యసభలో వాళ్ళ చీఫ్ విప్ కలితా రాజీనామా చేశారు. ఊపా మీద అనుకుంటున్నారా? కాదు, 370 రద్దుని తన పార్టీ వ్యతిరేకిస్తోందని!

ఇది ఢిల్లీ సంగతి కదా అనకండి. 2007 మే 18న జుమ్మా నాడు మక్కా మసీదులో బాంబు పేలింది. తొమ్మిది మంది పోయారు, ఆ తర్వాత పోలీసు కాల్పుల్లో ఇంకో ఐదుగురు. పట్టుకెళ్ళింది ఎవర్ని? పాతబస్తీ నౌజవాన్లని. వాళ్ళని హింసించారని రాష్ట్ర మైనారిటీ కమిషన్ తరఫున వెళ్ళిన న్యాయవాది రాశారు. కోర్టుల్లో వాళ్ళు నిర్దోషులుగా తేలారు. నాలుగేళ్ళు దాటాక ప్రభుత్వం పరిహారం చెక్కులతోపాటు సత్ప్రవర్తన సర్టిఫికెట్లు ఇచ్చింది. పట్టుకెళ్ళినప్పుడూ కాంగ్రెస్ ప్రభుత్వమే, సర్టిఫికెట్ ఇచ్చినప్పుడూ కాంగ్రెస్ ప్రభుత్వమే. తన షహర్‌లో తానే బేకసూర్ అని కాగితం పట్టుకు తిరగాల్సిన పిల్లవాడి గురించి ఆ పార్టీలో ఎన్నడైనా చీలిక వచ్చిందా?

ఆంబోతుల కుమ్ములాటలో లేగల కాళ్ళు విరుగుతాయంటారు. 2025 మే 17న థరూర్ పేరు మీద రభస. మరునాడే, మే 18న, ప్రొఫెసర్ అలీ ఖాన్ మహ్మూదాబాద్‌ని ఫేస్‌బుక్ రాతలకి హర్యానా పోలీసులు అరెస్టు చేశారు. సుప్రీంకోర్టు మూడు రోజులకి మధ్యంతర బెయిల్ ఇచ్చింది. అదే నెలలో మధ్యప్రదేశ్ మంత్రి ఒకాయన కర్నల్ సోఫియా ఖురేషీని ఉద్దేశించి అన్న మాటల మీద హైకోర్టు తనంతట తానే కేసు పెట్టించాల్సి వచ్చింది. థరూర్‌ని గద్దార్ అంటే ఆయన మర్నాడు వ్యాసం రాస్తారు. మనలో ఒకర్ని అంటే అమ్మీ బెయిల్ కోసం జేవర్ తాకట్టు పెట్టాలి. తేడా ఇదీ.

అందుకే రేపు ఓటడగడానికి కాంగ్రెస్ అభ్యర్థి మీ గల్లీకి వస్తే, థరూర్ ఉంటారా పోతారా అని అడక్కండి. ఊపా బెయిల్ షరతు మీద మీ పార్టీ మాటేమిటి? యుద్ధం మీద పార్లమెంటులో చర్చ హక్కుగా రావాలంటారా? మీ నాయకుడితో విభేదించిన ఎంపీకి మీ పార్టీలో కుర్చీ ఉంటుందా? ఈ మూడూ అడగండి. చాయ్ పోసి, కూర్చోబెట్టి, జవాబు వచ్చేదాకా అడగండి.

ఇంకో మాట మనవాళ్ళకే. మజ్లిస్ అయినా, మరో పార్టీ అయినా, మస్జిద్ కమిటీ అయినా, సదర్ సాహెబ్ మాట కాదన్నవాణ్ణి కౌమ్ కా గద్దార్ అనే అలవాటు మన గల్లీల్లోనూ ఉంది. ఆ లఫ్జ్ మన మీద పడితే ఎంత మండుతుందో తెలిసినవాళ్ళం. ముందు మన నాలుక మీంచి దాన్ని దించుదాం.