మునిగిన వంతెన, మోసుకొచ్చిన రాళ్లు

స్పెయిన్ దేశపు వాయవ్య భాగంలో మిన్యో నది ఒడ్డున పోర్తోమారిన్ అనే చిన్న ఊరు ఉంది. శాంతియాగోకు కాలినడకన వెళ్లే యాత్రికులు శతాబ్దాలపాటు అక్కడి రాతి వంతెన మీదుగానే నది దాటేవారు. బెలెసార్ ఆనకట్ట కట్టడంతో 1963లో ఆ పాత ఊరు జలాశయంలో మునిగిపోయింది. ప్రజలు పక్కనున్న కొండమీద కొత్త ఊరు కట్టుకున్నారు. మునగక ముందే తమ పాత ఆలయాన్ని రాయి రాయిగా విప్పి, ప్రతి రాయికీ అంకె వేసి, పైకి మోసుకెళ్లి తిరిగి నిలబెట్టుకున్నారు. ఆ అంకెలు కొన్ని నేటికీ గోడలమీద కనిపిస్తాయి.

వంతెనలో ఒక కమానును మాత్రం పైకి తెచ్చి కొత్త ఊరి ముంగిట మెట్లకు ఆధారంగా నిలిపారు. తక్కినది నీటిలోనే ఉండిపోయింది. నీరు తగ్గినప్పుడు అది బయటపడుతుంది, జనం చూసి ఆనందిస్తారు. అయితే నది దాటవలసినవారు మాత్రం ఎత్తైన కొత్త వంతెనే ఎక్కుతారు.

యెహోషువ గ్రంథం నాలుగో అధ్యాయం మనకు గుర్తుకు రావడం లేదా? ఇశ్రాయేలీయులు యొర్దాను దాటినప్పుడు నది నడుమ నుండి పన్నెండు రాళ్లను గిల్గాలుకు మోసుకొచ్చారు. పిల్లలు అడిగినప్పుడు దేవుడు చేసిన కార్యాన్ని వివరించడానికి అవి సాక్ష్యం. యెహోషువ మరో పన్నెండు రాళ్లను నది మధ్యలోనే నిలిపాడు. నీళ్లు తిరిగి వచ్చి వాటిని కప్పేశాయి. మోసుకు రావలసినవి కొన్ని, వదిలి రావలసినవి కొన్ని.

మనకూ ముంపు కొత్త కాదు. శ్రీశైలం జలాశయం కింద ఎన్నో ఊళ్లు మునిగాయి. ముంపు లేనిచోట కూడా రోడ్డు వెడల్పు కోసమో, సంఘం పెరిగినందువల్లనో పాత మందిరాలు తొలగించక తప్పడం లేదు. అప్పుడు మనం ఏమి మోసుకెళుతున్నాం? దాతల పేర్లు చెక్కిన పలకలు ఎక్కడ పెట్టాలన్న పోరాటం మోసుకెళుతున్నాం. పెద్దల వర్గాలు, ముందు వరుస కుర్చీలు మోసుకెళుతున్నాం. కొన్నిచోట్ల బల్ల దగ్గర, సమాధుల దగ్గర కులాల గీతను సైతం జాగ్రత్తగా అంకె వేసి మరీ తీసుకెళుతున్నాం! తొలి విశ్వాసుల కన్నీటి ప్రార్థనలు, విధవరాలి పిడికెడు బియ్యం, ఇంటింటికీ నడిచిన సువార్త మాత్రం నీటిపాలవుతున్నాయి.

పాతదంతా పారవేయాలని మేము అనడం లేదు. పెద్దలకు పాత మందిరం మీద ఉన్న మమకారం గౌరవించదగినదే. ఆ వంతెన మన తల్లిదండ్రులను దాటించింది. దానికి కృతజ్ఞత చెల్లిద్దాం. కానీ మునిగిన వంతెన మీద మన పిల్లలను నడిపించలేము. యౌవనస్థులు కూడా పాలరాతి నేలను, పెద్ద సౌండ్ బాక్సులను చూసి సంఘం కట్టబడిందని భ్రమపడకూడదు. సజీవమైన రాళ్లు మనమేనని పేతురు తన మొదటి పత్రికలో రాశాడు గదా!

ప్రియ సహోదరులారా, ఈ ఆదివారం ఆరాధన ముగిశాక మన సంఘపు రాళ్లను ఒకసారి లెక్కిద్దాం. పిల్లలు "ఈ రాళ్లేమిటి?" అని అడిగితే దేవుని కార్యం చెప్పగలిగినవాటినే మోసుకెళదాం. సిగ్గుతో తల దించుకోవలసినవాటిని యొర్దానులోనే విడిచిపెడదాం.