తీరిన యప్పు, తిరిగిరాని దస్తావేజులు

అప్పు గొన్నవాడు గడువు దప్పినచో బ్యాంకులు దినములు లెక్కించి వడ్డీ వసూలు చేయును. అపరాధ రుసుమును విధించును. ఒడంబడిక యొడంబడికయే గనుక దాని నెవ్వరును ఆక్షేపింపరు. కాని యప్పు పైసతో సహా తీరిన పిదప, తనఖా యుంచిన దస్తావేజులను మరల నిచ్చుటలో జాగుచేసిన బ్యాంకునకు ఈ దినముల లెక్క యేల యుండరాదు? ఈ ప్రశ్నకు రిజర్వు బ్యాంకువారు 2023 సెప్టెంబరు 13వ తేదీని కొంతవరకు సమాధానము చెప్పియున్నారు.

ఆ యుత్తరువు ననుసరించి, ఋణము పూర్తిగా తీరిన 30 దినములలో బ్యాంకు అసలు దస్తావేజుల నన్నిటిని తిరిగి యిచ్చి, ఆస్తిపై నమోదైన భారమును తొలగింపవలయును. తన తప్పిదముచే జాగు కలిగినచో దినమునకు 5,000 రూపాయల చొప్పున ఋణము గొన్నవానికి పరిహార మీయవలయును. దస్తావేజులు పోయినను, పాడైనను, నకళ్లు సంపాదించుటకు తోడ్పడి యా ఖర్చును బ్యాంకే భరింపవలయును. ఆ పనికి మరి 30 దినములు మాత్రమే గడువు. 2023 డిసెంబరు 1వ తేదీ మొదలు తిరిగి యీయవలసిన దస్తావేజులకు ఈ నియమములు విధింపబడినవి.

అసలు దస్తావేజు చేత లేనివాని భూమి యమ్ముడుపోదు. వేరొకచోట ఋణము పుట్టదు. అన్నదమ్ముల పంపకము సైతము చిక్కుపడును. కావున ఈ యుత్తరువు మిక్కిలి హర్షణీయము. అయినను ఇందొక లోపము గలదు. ఇది వ్యక్తిగత ఋణముల నుద్దేశించి వెలువడినది. ఇల్లు కట్టుకొనుటకును, బిడ్డల చదువునకును చేసిన యప్పు లిందు జేరును. పంట పెట్టుబడికై పొలము తనఖా పెట్టిన రైతు మాట యేమి? సొమ్ము చెల్లించినవానికి తనఖా పత్రములను తిరిగి పొందు హక్కు గలదని 1882వ సంవత్సరపు ఆస్తి బదిలీ చట్టము 60వ సెక్షనులోనే యున్నది. హక్కు ప్రాతదే, జాగునకు దినపరిహారమే క్రొత్తది. అది పట్టణమున ఇల్లు గలవానికి దక్కి, పల్లెలో పొలము గలవానికి దక్కకుండుట న్యాయము గాదు. వ్యవసాయ ఋణములకును ఇదే నియమమును స్పష్టముగా విధింపవలసినదని మేము రిజర్వు బ్యాంకువారిని కోరుచున్నాము.

హక్కు గలవారును దానిని వినియోగించుకొనుట నేర్వవలయును. మేనేజరుతో నోటిమాటగా మొరపెట్టుకొని మరలివచ్చుట ఫిర్యాదు గాదు. ఋణము తీరిన తేదీని, రావలసిన దస్తావేజుల వివరమును వ్రాసి యిచ్చి, రశీదు గైకొనవలయును. 30 దినములలో బదులు రాకున్నను, వచ్చిన బదులు తృప్తికరము గాకున్నను, రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేసికొనవచ్చును. 1995లో నారంభమైన యీ యేర్పాటు 2021 నవంబరు 12వ తేదీని ఏకీకృతమైనది. దీనికి రుసుము లేదు. ప్లీడరు నక్కర లేదు.

ఈ సంగతులు ప్రతి బ్యాంకు శాఖలోను ప్రజలు చదువగల తెనుగున, కంటికి గనబడు చోట వ్రాసి యుంచుట బ్యాంకుల విధి. ప్రజలు దాచుకొన్న సొమ్ముతో నడచు సంస్థలు ప్రజల హక్కులను వారికి దెలియనీయకుండుట తగదు. గడువు ఋణము గొన్నవాని కొకటి, ఋణమిచ్చినవాని కొకటి యుండరాదు.