బ్రేకు ఫెయిలైతే మచ్చ ఎవరికి?

సంపాదకులకు,

లారీ ప్రమాదాలన్నిటికీ డ్రైవర్ల నిర్లక్ష్యమే మూలమన్న వ్యాసం మీ పత్రికలో చదివాను. తాగుడు, నిద్రమత్తు ఉన్నాయి, కాదనను. కానీ పామిడి మీదుగా పోయే 44వ నంబరు హైవేలో ఆగిపోయిన బండి కిందికి తొంగి చూడండి: రివిట్లు తేలేదాకా అరిగిన బ్రేకు లైనర్లు, గుడ్డపీలిక చుట్టిన ఎయిర్ పైపు. మార్పించమంటే "ఈ ట్రిప్పు కొట్టుకురా, చూద్దాం" అంటాడు ఓనరు. కాదంటే ఆ సీట్లో ఇంకొకడు కూర్చుంటాడు.

1988 నాటి మోటారు వాహనాల చట్టం 190వ సెక్షన్, లోపమున్న బండిని నడిపినవాడితో పాటు నడపనిచ్చినవాణ్నీ శిక్షించమంటోంది. ఆ రెండో మాట ఠాణాలో మేం విన్నది తక్కువ. కేసు డ్రైవరు మీదే, ఎసరూ అతడి లైసెన్సుకే. పైగా 2024 జులై 1 నుంచి నిర్లక్ష్యంతో మరణానికి గరిష్ఠ శిక్ష రెండేళ్ల నుంచి అయిదేళ్లకు పెరిగింది. బ్రేకు ఫెయిలైందంటే నమ్మించేది బ్రేక్ ఇన్‌స్పెక్టర్ రిపోర్టే. లైనరు అరిగిందని ముందే ఎవరికి చెప్పామో అందులో ఎక్కడ ఉంటుంది? అందుకే రిపేరు సంగతి ఓనరుకు నోటితో కాక ఫొటోతో సహా వాట్సాప్‌లో పెట్టమని మా కుర్రాళ్లకు చెబుతున్నాను.

– ఒక లారీ డ్రైవరు, పామిడి