ఒకే ఒరలో రెండు కత్తులు

టర్బో కారు ప్రస్తావన రాగానే మనవాళ్ళు ముందుగా అడిగేది అశ్వశక్తి ఎంత అని. కంప్రెషన్ రేషియో ఎంత అని అడిగినవారిని నేనింతవరకూ చూడలేదు. నా మట్టుకు నాకు ఇంజను స్వభావం ఆ రెండో అంకెలోనే ఎక్కువగా కనబడుతుంది.

సిలిండరులోకి వచ్చిన గాలినీ పెట్రోలునూ పిస్టను ఎన్ని రెట్లు కుదిస్తుందో చెప్పేదే ఈ రేషియో. ఎంత కుదిస్తే ప్రతి చుక్క నుంచీ అంత పని రాబట్టవచ్చు. ఆదర్శ గణితంలో రేషియో 8 అయితే సామర్థ్యం సుమారు 56 శాతం, 10.25 అయితే 60 దాటుతుంది. నిజమైన ఇంజనులో రెండూ చాలా తక్కువే గాని, తేడా మాత్రం నిలుస్తుంది. ఇక టర్బో గాలిని బయటే ఒకసారి కుదించి లోపలికి తోస్తుంది. అదే బూస్టు. ఈ రెండూ కలిస్తే వేడి మితిమీరి, స్పార్కు ప్లగ్గు రగిల్చిన మంట చేరకముందే మిగిలిన మిశ్రమం తనంతట తానే భగ్గుమంటుంది. దానినే నాక్ అంటారు. అది ముదిరితే పిస్టన్లు పగులుతాయి. కనుకనే ఇవి ఒకే ఒరలో రెండు కత్తులు.

1962లో జనరల్ మోటార్స్ ఈ చిక్కుకు రెండు దారులు చూపింది. షెవ్రొలె కార్వేర్ స్పైడర్‌లో రేషియోను 8కి దించింది. ఓల్డ్స్‌మొబీల్ జెట్‌ఫైర్‌లో 10.25 దగ్గరే ఉంచి, నాక్ రాకుండా నీళ్ళూ మెథనాలూ కలిపిన ద్రవాన్ని లోపలికి చిలకరించింది. 3.5 లీటర్ల ఇంజనుకు 215 అశ్వశక్తి వచ్చింది. అయితే చాలామంది యజమానులు ఆ ద్రవం నింపడం మరిచారు. అది అయిపోతే ఒక కవాటం బూస్టును అడ్డుకునేది, బండి నీరసించేది. 1963తో జెట్‌ఫైర్ కథ ముగిసింది.

ఎక్కువ కంప్రెషనే దాని తప్పు అనేవారితో నేను ఏకీభవించను. ఇంజను చూసుకోవలసిన పనిని యజమాని జ్ఞాపకశక్తికి అప్పగించడమే తప్పు. 1978 నాటి సాబ్ 99 టర్బోలో రేషియో 7.2 మాత్రమే. తర్వాత 1980ల తొలినాళ్ళలో అదే సంస్థ నాక్‌ను పసిగట్టి బూస్టును తానే తగ్గించుకునే ఏర్పాటు తెచ్చింది. దానితో 900 టర్బోలో రేషియోను 8.5కి పెంచగలిగారు. వినడం నేర్చిన ఇంజనుకు అంత భయం అవసరం లేకపోయింది. 2018 ఇన్ఫినిటీ క్యూఎక్స్50లోనైతే నిస్సాన్ ఇంజను నడుస్తూనే రేషియోను 8 నుంచి 14 దాకా మార్చుకుంటుంది.

ఎండ మండే రోజున, ఎత్తు ఎక్కేటప్పుడు, ఎక్కువ కంప్రెషన్ ఉన్న టర్బో ఇంజను నాక్‌కు జడిసి స్పార్కును ఆలస్యం చేస్తుంది. బలమూ మైలేజీ కొంత తగ్గుతాయి. ఒప్పుకుంటాను. కానీ అది ఆ కాసేపటి నష్టం. తక్కువ కంప్రెషన్ మాత్రం సిగ్నళ్ళ మధ్య మెల్లగా కదిలే ప్రతి నిమిషమూ పెట్రోలు తింటుంది. మన ప్రయాణాల్లో ఎక్కువ భాగం బూస్టు పెద్దగా అక్కరలేనివే కదా!

ఎప్పుడో ఒకసారి పనికివచ్చే పది అశ్వశక్తుల కోసం రోజూ పనిచేసే కంప్రెషన్‌ను వదులుకోకూడదని నా అభిప్రాయం. మీరేమంటారు?